రేపటి వాన సంగతి ఎవరికి తెలుసు?

అక్టోబరు, నవంబరు నెలలు వచ్చాయంటే మన తీరప్రాంతం ఒక చెవి సముద్రం వైపు, మరో చెవి వార్తల వైపు పెట్టి కూర్చుంటుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న ఒక్క మాట వినగానే రైతు కోతకొచ్చిన వరి వైపు చూస్తాడు. జాలరి పడవ వైపు చూస్తాడు. రేకుల ఇంట్లో ఉండే తల్లి పైకప్పు వైపు చూస్తుంది. సరిగ్గా ఈ రోజుల్లోనే మన ఇళ్లలో ఒక ప్రశ్న కూడా తలెత్తుతుంది. వర్షం ఎప్పుడు కురుస్తుందో అల్లాహ్‌కు మాత్రమే తెలుసని మనం విశ్వసిస్తాం. మరి వాతావరణ శాఖ వారు రేపు వాన పడుతుందని ఎలా చెప్పగలుగుతున్నారు? వారి మాట నమ్మితే మన విశ్వాసానికి ఏమైనా లోటు వస్తుందా? నమ్మకుండా ఇంట్లోనే ఉండిపోయి పిల్లల ప్రాణాల మీదికి వస్తే ఆ బాధ్యత ఎవరిది?

ఈ ప్రశ్నకు మన మధ్య రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. కొందరు, ఇవన్నీ దైవ రహస్యాలు, వీళ్లకేం తెలుసు, వీళ్లు చెప్పిన రోజున ఎండ కాస్తుంది అంటారు. మరికొందరు, ఇప్పుడు యంత్రాలు అన్నీ చెప్పేస్తున్నాయి, ఇంకా దుఆలు ఎందుకు అంటారు. ఈ రెండు మాటలూ పైకి ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. కాని లోతుగా చూస్తే రెంటికీ మూలం ఒకటే. వాతావరణ సూచన అంటే ఏమిటో, దాని హద్దు ఎక్కడుందో తెలియకపోవడమే ఆ మూలం. కాబట్టి ముందు ఆ హద్దును తెలుసుకుందాం.

అగోచర జ్ఞానం వేరు, ఆనవాళ్లను చదవడం వేరు

దివ్యఖుర్ఆన్‌లోని లుఖ్మాన్ సూరా చివరి ఆయత్‌లో ఐదు విషయాల ప్రస్తావన ఉంది. ప్రళయ ఘడియ ఎప్పుడన్న జ్ఞానం అల్లాహ్ వద్దనే ఉంది. వర్షాన్ని కురిపించేవాడు ఆయనే. గర్భాల్లో ఉన్నదేమిటో ఆయనకు తెలుసు. రేపు తాను ఏమి సంపాదిస్తాడో, ఏ నేలపై మరణిస్తాడో ఏ మనిషికీ తెలియదు. ఇదీ ఆ ఆయత్ భావం. ఇందులో ఏ ముస్లింకూ సందేహం ఉండదు, ఉండకూడదు.

అయితే అగోచర జ్ఞానం, అంటే గైబ్, అంటే ఏమిటి? ఏ సాధనమూ, ఏ ఆనవాలూ లేకుండా, ఏ పొరపాటుకూ తావు లేకుండా, దేన్నయినా దాని సమస్త వివరాలతో తెలుసుకోవడం. ఆ జ్ఞానం సృష్టికర్తది. వాతావరణ శాఖ చేసేది అది కాదు. పొలంలో పని చేసుకుంటున్న రైతు పడమట నల్లమబ్బు చూసి, తడిమట్టి వాసన పసిగట్టి, ఆరబెట్టిన ధాన్యాన్ని కుప్ప చేయమని పిల్లల్ని కేకేస్తాడు. అతను గైబ్ తెలుసునని చెప్పుకుంటున్నాడా? లేదు. కంటి ముందున్న ఆనవాలును చదువుతున్నాడు. వాతావరణ శాఖ వారి దగ్గర ఉన్నది కూడా అలాంటి చూపే. కాకపోతే ఆ కన్ను మరింత ఎత్తులో ఉంది. భూమికి సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం బంగాళాఖాతం మీది మేఘాలను చూస్తుంది. రాడార్ పంపిన తరంగాలు వానచినుకులను తాకి తిరిగి వస్తాయి. ఆ చినుకులు ఎంత దట్టంగా ఉన్నాయో, ఎటు కదులుతున్నాయో వాటిని బట్టి లెక్కగడతారు. సముద్రపు నీటి వేడి, గాలి ఒత్తిడి, గాలి దిశ ఇవన్నీ కొలిచి, నిన్నటి నుంచి ఇవాళ్టికి ఎంత మారిందో చూసి, రేపు ఎంత మారవచ్చో అంచనా వేస్తారు.

గాలులు మేఘాలను లేపడం, అవి ఆకాశంలో పరుచుకోవడం, పొరలు పొరలుగా చేరడం, వాటి మధ్య నుంచి చినుకులు రాలడం గురించి దైవగ్రంథం రూమ్ సూరా 48వ ఆయత్‌లో ప్రస్తావించి, ఆలోచించమని మనల్ని ఆహ్వానిస్తోంది. అంటే వర్షానికి ఒక క్రమాన్ని నిర్ణయించినవాడు అల్లాహ్. ఆ క్రమాన్ని గమనించే తెలివిని మనిషికి ఇచ్చినవాడూ ఆయనే. ఆయన పెట్టిన క్రమాన్ని ఆయన ఇచ్చిన తెలివితో చదవడం ఆయన జ్ఞానంలో వాటా అడగడం ఎలా అవుతుంది?

ఇక్కడ ఒక జాగ్రత్త మాత్రం అవసరం. హుదైబియాలో ఒక రాత్రి వాన కురిసింది. తెల్లవారుజామున నమాజు ముగిశాక దైవప్రవక్త (స) సహచరుల వైపు తిరిగి ఒక విషయం తెలియజేశారు. అల్లాహ్ అనుగ్రహంతో, ఆయన కారుణ్యంతో వాన కురిసిందన్నవాడు అల్లాహ్‌ను విశ్వసించినవాడు. ఫలానా నక్షత్రం వల్ల కురిసిందన్నవాడు నక్షత్రాన్ని విశ్వసించినవాడు. బుఖారీ, ముస్లిం గ్రంథాల్లోని ఈ హదీసు మన నాలుకకు హద్దు గీస్తోంది. వాయుగుండం వల్ల వాన వచ్చిందని కారణం చెప్పడం తప్పు కాదు. అన్నం వల్ల ఆకలి తీరిందనడం లాంటిదే అది. కాని కారణం దగ్గరే ఆగిపోయి, కారణాలను సృష్టించినవాడిని మరచిపోవడం గుండెకు పట్టే జబ్బు. ఆ జబ్బు రాడార్ తెచ్చింది కాదు. రాడార్లు లేని రోజుల్లోనూ అది ఉంది.

2014 అక్టోబరులో ఒక వారం

ఇక ఒక ఉదాహరణ తీసుకుందాం. 2014 అక్టోబరు 6, సోమవారం. మన దేశంలో ఆ రోజు బక్రీద్. ఇక్కడ ఈద్గాహ్‌లలో తక్బీర్లు మారుమోగుతున్న రోజునే, దూరంగా ఉత్తర అండమాన్ సముద్రం పరిసరాల్లో ఒక అల్పపీడనం రూపుదిద్దుకుంది. మరునాడు అది వాయుగుండమైంది. 8వ తేదీన తుఫానుగా మారి అండమాన్ దీవులను దాటింది. అప్పుడు దానికి పెట్టిన పేరు హుద్‌హుద్. మన ప్రాంతపు సముద్రాల్లో పుట్టే తుఫానులకు పేర్లు పెట్టే పద్ధతి 2004లో మొదలైంది. ఎనిమిది దేశాలు తలా కొన్ని పేర్లు ఇచ్చాయి. హుద్‌హుద్ అన్న పేరు ఒమన్ దేశం ఇచ్చింది.

ఆ వారంలో సూచనలు ఎలా సాగాయో గమనించండి. మొదట్లో వాతావరణ శాఖ, తుఫాను 12వ తేదీన విశాఖపట్నం, ఒడిశాలోని గోపాల్‌పూర్‌ల మధ్య ఎక్కడో తీరం దాటవచ్చని చెప్పింది. అంటే దాదాపు ఉత్తరాంధ్ర తీరమంతా, దక్షిణ ఒడిశా తీరమూ ఆ హద్దులోకి వస్తాయి. రోజులు గడిచేకొద్దీ, తుఫాను దగ్గరయ్యేకొద్దీ, ఆ హద్దు కుదించుకుంటూ వచ్చి విశాఖపట్నం పరిసరాలని తేలింది. శుక్రవారం, జుమా రోజున, అది అతితీవ్ర తుఫానైంది. ఆదివారం, 12వ తేదీ మధ్యాహ్నం 12 నుంచి ఒంటిగంట మధ్య విశాఖ వద్దే తీరం దాటింది. గాలి గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు, కరెంటు స్తంభాలు కూలిపోయాయి. విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది. తుఫానును కనిపెట్టుకుని ఉన్న విశాఖ రాడార్ కూడా ఆ గాలికే దెబ్బతింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. పోయిన ప్రతి ప్రాణమూ ఒక ఇంటి దీపమే. అయినా అంత గాలి ఒక మహానగరం నెత్తిన విరుచుకుపడినప్పుడు ఆ సంఖ్య వేలల్లోకి వెళ్లకుండా ఆగిందంటే, అల్లాహ్ దయ తరువాత దానికి ముఖ్య కారణం ముందుగా అందిన వార్త, ఆ వార్త విని కదిలిన మనుషులు.

వార్త అందని రోజులు ఎలా ఉండేవో మన తీరానికి తెలుసు. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీద ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేల మంది మరణించారని చరిత్ర చెబుతోంది. అప్పటికి మన దేశంలో వాతావరణ శాఖ లేదు. అది 1875లో ఏర్పడింది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన వచ్చేనాటికి శాఖ ఉంది, రేడియో ఉంది. కాని కబురు కుగ్రామాల గుడిసెల వరకూ చేరడం, చేరినా పారిపోయి తలదాచుకోవడానికి ఒక గట్టి కట్టడం ఉండడం, ఈ రెండూ కొరవడ్డాయి. అధికారిక లెక్కల్లోనే సుమారు 10 వేల మంది మరణించారు. ఆ తరువాతే తీరం వెంట తుఫాను రక్షణ భవనాలు వెలిశాయి. దివిసీమనూ విశాఖనూ ఒకే తక్కెడలో తూచలేమన్నది నిజమే. అది పల్లపు డెల్టా నేల, ఇది ఎత్తైన తీరం. కాని ఒక సంగతి మాత్రం స్పష్టం. వార్త ఉండడం ఒక ఎత్తు, అది మనిషికి చేరడం మరో ఎత్తు, చేరిన తరువాత మనిషి కదలడం మరో ఎత్తు.

సులైమాన్ (అ), ఒక చిన్న పిట్ట

ఆ తుఫానుకు పెట్టిన పేరు మనకు కొత్తది కాదు. నమ్ల్ సూరాలో హుద్‌హుద్ పిట్ట వృత్తాంతం ఉంది. ప్రవక్త సులైమాన్ (అ) పక్షుల దళాన్ని పరిశీలిస్తూ, హుద్‌హుద్ కనిపించకపోవడం గమనించారు. సరైన కారణం చూపకపోతే శిక్ష తప్పదన్నారు. ఎంతోసేపు గడవకముందే ఆ పిట్ట వచ్చింది. మీకు తెలియని ఒక విషయం నేను తెలుసుకున్నాను, సబా దేశం నుంచి రూఢి అయిన వార్త తెచ్చాను అని విన్నవించింది. అక్కడ ఒక రాణి ఉందని, ఆమెకు గొప్ప సింహాసనం ఉందని, ఆమె ప్రజలు సూర్యుణ్ణి పూజిస్తున్నారని చెప్పింది. అప్పుడు సులైమాన్ (అ) ఏమన్నారు? నువ్వు చెప్పింది నిజమో, అబద్ధమో చూస్తామన్నారు. ఒక లేఖ ఇచ్చి పంపారు.

ఈ వృత్తాంతం నుంచి మన ప్రశ్నకు మూడు పాఠాలు దొరుకుతాయి. మొదటిది, గాలి కూడా తన ఆజ్ఞలో ఉన్న ప్రవక్తకు సైతం అగోచర జ్ఞానం స్వతహాగా లేదు. వెళ్లి చూసి వచ్చిన పిట్టకు తెలిసిన సంగతి ఆయనకు అప్పటికి తెలియదు. రెండోది, వార్త తెచ్చింది చిన్న పిట్ట అయినా ఆయన దాన్ని తీసిపారేయలేదు. చెప్పినవాడి హోదా చూడలేదు, చెప్పిన విషయం చూశారు. మూడోది, విన్న వెంటనే గుడ్డిగా నమ్మనూ లేదు. పరీక్షకు పెట్టారు. అంతటితో ఆగక, కదిలి పని మొదలుపెట్టారు. వార్త విషయంలో విశ్వాసి వైఖరి ఇలాగే ఉండాలి. తీసిపారేయడమూ కాదు, మోకరిల్లడమూ కాదు. తూచి చూడడం, తూచాక తగిన విధంగా కదలడం.

‘రాసిపెట్టింది జరుగుతుంది’ అనేవారికి

తుఫాను వేళ అధికారులు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నప్పుడు వినిపించే మాటల్లో ఇదొకటి. అల్లాహ్ రాసిపెట్టింది ఎక్కడున్నా జరుగుతుంది కదా, ఎక్కడికి పోతాం? ఈ మాటలో సగం నిజం ఉంది. అందుకే ఇది ప్రమాదకరం.

హజ్రత్ ఉమర్ (రజి) పాలనాకాలం. ఆయన సిరియా ప్రయాణంలో ఉండగా సర్గ్ అనే చోట సేనానులు ఎదురై, అక్కడ ప్లేగు వ్యాపించిందన్న కబురు చెప్పారు. ఆయన ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను సంప్రదించి, వెనక్కి మరలాలని నిర్ణయించారు. అప్పుడు హజ్రత్ అబూ ఉబైదా (రజి), అల్లాహ్ విధివ్రాత నుంచి పారిపోతున్నారా అని అడిగారు. ఉమర్ (రజి) ఇచ్చిన జవాబు సారాంశం ఇది. అవును, అల్లాహ్ విధివ్రాత నుంచి అల్లాహ్ విధివ్రాత వైపుకే వెళ్తున్నాం. ఒక లోయకు రెండు గట్లున్నాయనుకోండి. ఒకటి పచ్చగా ఉంది, ఇంకొకటి బీడు. ఒంటెలను ఎటు మేపినా అది అల్లాహ్ విధివ్రాతలోనిదే కదా! ఆ తరువాత హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చి, ప్లేగు ఉన్న ఊరికి వెళ్లవద్దన్న దైవప్రవక్త (స) ఆదేశాన్ని వినిపించారు. తన నిర్ణయం దానికి అనుగుణంగా ఉన్నందుకు ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించారు.

ఆలోచించండి. తుఫాను విధివ్రాత అయితే, తుఫాను గురించి నాలుగు రోజుల ముందే మనకు అందిన కబురు విధివ్రాత కాదా? వీధి చివర ఉన్న రక్షణ భవనం విధివ్రాత కాదా? మన కాళ్లలో నడిచే శక్తి విధివ్రాత కాదా? ఒక్క తుఫానును మాత్రమే అల్లాహ్‌కు ఆపాదించి, తక్కిన సాధనాలన్నిటినీ పక్కన పెట్టడం తవక్కుల్ కాదు. ముందు ఒంటెను కట్టి, ఆపైన అల్లాహ్ మీద భారం వేయమన్న దైవప్రవక్త (స) ఉపదేశం తిర్మిజీ గ్రంథంలో ఉంది. కట్టవలసిన ఒంటె ఇవాళ పడవ రూపంలో ఉండవచ్చు, పసిపిల్లల రూపంలో ఉండవచ్చు, మంచం దిగలేని తల్లి రూపంలో ఉండవచ్చు. ఇంటి యజమాని తాను కదలనంటే ఆ మాట తన ఒక్కడి ప్రాణం గురించి కాదు. అతనితోపాటు భార్యాబిడ్డలు ఆగుతారు. రేపు నడుములోతు నీటిలో అతన్ని వెతుక్కుంటూ రావలసిన యువకుల ప్రాణాలు కూడా ఆ మాటకు ముడిపడి ఉంటాయి.

అంచనా తప్పితే అది అబద్ధమా?

ఇంకొక అభ్యంతరం ఉంది. పోయినసారి చెప్పారు, చినుకు పడలేదు. అంతకుముందూ చెప్పారు, తుఫాను ఒడిశా వైపు పోయింది. వేట మానుకున్న జాలరికి, దుకాణం మూసుకున్న చిరువ్యాపారికి నష్టం మిగిలింది. ఇక ఎందుకు నమ్మాలి?

ఈ బాధ నిజమైనది, దీన్ని ఎగతాళి చేయకూడదు. అయితే అబద్ధానికీ, తప్పిన అంచనాకూ తేడా ఉంది. తనకు తెలిసినదానికి విరుద్ధంగా చెప్పడం అబద్ధం. తెలిసినంతలో నిజాయితీగా చెప్పినది జరగకపోవడం అబద్ధం కాదు. వాన పడే అవకాశం 70 శాతం అన్నారంటే, అలాంటి పది రోజుల్లో ఏడు రోజులు పడవచ్చు, మూడు రోజులు పడకపోవచ్చు అని అర్థం. ఆ మూడు రోజుల్లో ఒక రోజు మనకు ఎదురైనంత మాత్రాన చెప్పినవాడు అబద్ధాలకోరు కాడు. న్యాయమూర్తి తన శక్తికొద్దీ ఆలోచించి తీర్పు చెప్పి పొరబడినా అతనికి ఒక పుణ్యం ఉందని, సరైన తీర్పు చెబితే రెండు పుణ్యాలని హదీసులో ఉంది. నిజాయితీతో చేసిన ప్రయత్నానికి ఇస్లాం ఇచ్చిన గౌరవం ఇది.

సూచనలోని మాటలను మనం సరిగా వినకపోవడం కూడా ఒక కారణమే. ‘ఒకటి రెండు చోట్ల భారీ వర్షం’ అన్నప్పుడు, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించని చోట్ల అని అర్థం. ‘భారీ’ అంటే 24 గంటల్లో సుమారు ఆరున్నర సెంటీమీటర్లు దాటిన వాన. ‘అత్యంత భారీ’ అంటే 20 సెంటీమీటర్లు దాటినది. మన వీధిలో పడకపోతే సూచన తప్పిందనుకుంటాం. పక్క మండలంలో చెరువు తెగిన సంగతి మనకు తెలియదు.

రేవుల్లో ఎగరేసే ప్రమాద హెచ్చరికల్లో పదకొండు నంబర్లున్నాయి. పదో నంబరు అంటే తుఫాను ఆ రేవు మీదికో, దాని పక్కకో వస్తోందని, మహా ప్రమాదమని అర్థం. పదకొండో నంబరు మరో సంగతి చెబుతుంది. తుఫాను హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, ఇకపై కబురు అందడం లేదు అని. అంటే తెలియనప్పుడు తెలియదని చెప్పడానికి కూడా ఒక నంబరు కేటాయించారు! ఇది చాలా విలువైన నీతి. తెలియని విషయాన్ని తెలియదని ఒప్పుకోవడం మన ఇమాముల, ఆలిముల సుగుణం. ధర్మ విషయాల్లో అయినా, వాన విషయంలో అయినా, తెలిసినంత చెప్పి తెలియని చోట ఆగడం అమానత్.

అంచనాకు అందనిది ఇంకొకటి ఉంది. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ సమీపంలో తీరం దాటిన తీవ్ర వాయుగుండం ఆ రాత్రికే హైదరాబాద్‌ను ముంచెత్తింది. 24 గంటల్లో నగరంలో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. 17వ తేదీ రాత్రి మళ్లీ కుండపోత. పాతబస్తీలోని కాలనీల్లోకి చెరువుల నీరు చేరి, కుటుంబాలు రోజుల తరబడి నీటిలో మగ్గాయి. ఎంత వాన పడవచ్చో వాతావరణ శాఖ చెప్పగలదు. ఆ నీరు ఎవరి ఇంట్లోకి వస్తుందన్నది మాత్రం చెరువు శిఖంలో ప్లాట్లు వేసినవాడు, నాలాను పూడ్చినవాడు, చూసీ చూడనట్లు ఊరుకున్నవాడు కలిసి నిర్ణయిస్తారు. ఆ పాపాన్ని మేఘం మీదికి నెట్టడం న్యాయం కాదు.

వార్తను మోసేవారి బాధ్యత

ఇవాళ ప్రతి చేతిలోనూ ఫోను ఉంది. అంటే ప్రతి ఒక్కరూ వార్త మోసే హుద్‌హుదే. కాని ఆ పిట్ట తాను స్వయంగా చూసినది, రూఢి చేసుకున్నది మాత్రమే తెచ్చింది. మనం? ఏ ఊరిదో, ఏ ఏడాదిదో తెలియని వరద వీడియోను ‘ఇప్పుడే మన దగ్గర’ అని పంపుతాం. ఆనకట్ట తెగిందన్న పుకారును నలభై మందికి చేరవేస్తాం. ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు తెలుసుకోవాలని హుజురాత్ సూరా 6వ ఆయత్ ఆదేశిస్తోంది. భద్రతకో భయానికో సంబంధించిన కబురు రాగానే చాటింపు వేయకుండా, విషయాన్ని తేల్చగలిగినవారికి నివేదించాలని నిసా సూరా 83వ ఆయత్ నేర్పుతోంది. విన్నదల్లా చెప్పుకుంటూ పోవడమే మనిషి అబద్ధాలకోరు కావడానికి చాలునని ముస్లిం గ్రంథంలోని హదీసు హెచ్చరిస్తోంది.

పుకారు చేసే కీడు రెండు విధాలు. ఇవాళ అనవసరంగా భయపెడుతుంది. రేపు నిజమైన హెచ్చరిక వచ్చినప్పుడు ఎవరూ నమ్మకుండా చేస్తుంది. కాబట్టి అధికారిక సూచనను ఉన్నదున్నట్లు, తేదీ, సమయం సహా చేరవేయండి. ‘అవకాశం ఉంది’ అన్నదాన్ని ‘ఖాయం’ అని పెంచవద్దు. ‘ఏం కాదులే’ అని తగ్గించవద్దు. ఫోను లేని వృద్ధురాలికి, వలస కూలీకి, చెవి వినిపించని పొరుగువాడికి వెళ్లి చెప్పండి. మస్జిద్ మైకు ఐదు పూటలా అజాన్ వినిపిస్తుంది. ఊరందరి ప్రాణాలకు సంబంధించిన హెచ్చరికను ఆ మైకులో వినిపించడం సేవ కాదా? జోరువాన కురిసిన రోజున హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ముఅజ్జిన్‌తో, ఇళ్లలోనే నమాజు చేసుకోమని ప్రకటించమన్నారు. అది తనకంటే శ్రేష్ఠులైనవారు, అంటే దైవప్రవక్త (స), చేసినదేనని వివరించారు. ఈ విషయం బుఖారీ, ముస్లింలలో ఉంది. ప్రజల ఇబ్బందిని గుర్తించి పలికిన ఆ పిలుపును మన మస్జిద్ కమిటీలు గుర్తుంచుకోవాలి.

హెచ్చరిక ఖరీదు ఎవరు భరించాలి?

చివరగా అన్నిటికంటే బరువైన ప్రశ్న. రేపు బయటికి వెళ్లవద్దని చెప్పడం తేలిక. జీతం వచ్చే ఇంటికి అది సెలవు. రోజు కూలీ ఇంటికి అది పస్తు. ఆటో నడిపేవాడు, పండ్ల బండివాడు, వేటకు వెళ్లేవాడు హెచ్చరిక విని కూడా బయలుదేరుతున్నారంటే, అది మూర్ఖత్వమని అనుకోవద్దు. పొయ్యి మీద గిన్నె వారిని బయటికి నెడుతోంది. అలాగే తుఫాను కేంద్రానికి రానంటున్న ఆడవారిని నిందించే ముందు, అక్కడ వారికి చాటు ఉందా, వేరుగా మరుగుదొడ్డి ఉందా, విడిచి వచ్చిన మేకలకు, ఇంట్లోని నాలుగు గిన్నెలకు కాపలా ఉందా అని అడగాలి. ఈ ఏర్పాట్లు చేయకుండా కదలమనడం సగం హెచ్చరికే.

మిగతా సగం పొరుగువారి బాధ్యత. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్న ప్రవక్త (స) బోధ మనకు కంఠస్థమే. దానికి తుఫాను వారం ఒక పరీక్ష. ఆ మూడు రోజులకు సరిపడా బియ్యం, పప్పు పక్కింటికి ముందే చేరిస్తే ఆ ఇంటి మనిషి సముద్రం మీదికి వెళ్లడు. అది దానం మాత్రమే కాదు, ఒక ప్రాణాన్ని నిలపడం. మదర్సా హాలు, షాదీఖానా తలుపులు తెరవండి. తడిసి వచ్చినవారి మతం అడగవద్దు. ఆడవారికి పరదా కట్టి ఒక గది కేటాయించండి. హుద్‌హుద్ తరువాత విశాఖలో కరెంటు లేక, పాలు, మంచినీళ్లు దొరక్క జనం అల్లాడుతుంటే, వాటిని ఎన్నో రెట్ల ధరకు అమ్మినవారూ ఉన్నారు, ఉచితంగా పంచినవారూ ఉన్నారు. ప్రజలకు అవసరమైన సరుకును దాచిపెట్టేవాడు పాపాత్ముడని హదీసు స్పష్టంగా చెబుతోంది. వాతావరణ సూచనను చూసి సరుకు నిల్వ చేసి ధర పెంచేవాడు కూడా సూచనను నమ్మినవాడే. కాని ఆ నమ్మకం అతన్ని నరకం వైపు నడిపించింది.

కాబట్టి ప్రియ పాఠకులారా! రేపటి వాన సంగతి సంపూర్ణంగా ఎవరికి తెలుసంటే, అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. ఆయన చూపిన ఆనవాళ్లను చదివి కొంతవరకు చెప్పగలిగేవారు ఉన్నారు. వారి మాట గైబ్ కాదు, ఒక సాక్ష్యం. సాక్ష్యాన్ని విని తూచడం మన విధి. తూచాక మనల్ని, మన వారిని, మన పొరుగును కాపాడుకోవడానికి కదలడం మన ఆరాధన. ఫలితాన్ని అల్లాహ్‌కు వదిలేయడం మన విశ్వాసం. ఆకాశంలో మబ్బు కమ్మినా, గాలి లేచినా మహాప్రవక్త (స) ముఖంలో ఆందోళన కనిపించేదని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. తమ మీదికి వస్తున్న మేఘాన్ని వాన మేఘమని సంబరపడిన ఆద్ జాతి ఆయనకు గుర్తుకొచ్చేది. అల్లాహ్‌కు అత్యంత సన్నిహితుడైన ఆ మహనీయుడే మబ్బును తేలికగా తీసుకోలేదు. మనం ఏ ధైర్యంతో తేలికగా తీసుకుంటాం?

అల్లాహ్ మన మీద కురిసే వానను ప్రయోజనకరమైన వానగా చేయుగాక! మనకు అందిన హెచ్చరికను అర్థం చేసుకునే బుద్ధిని, దాని ప్రకారం కదిలే శక్తిని, కదలలేనివారి చేయి పట్టుకునే హృదయాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.